పహిల్వాన్ మీద పడ్డ నింద

పహిల్వాన్ తన పెళ్లాన్ని చంపి తినేశాడు.

ఆ ఉదయం ప్రదర్శనశాల తలుపులు తెరిచే వేళకే ఈ సంగతి రేవు వీధి మొత్తానికి తెలిసిపోయింది. తాళ్లు, వలలు అమ్మే దుకాణంలో తెలుసు. మంచు ఫ్యాక్టరీలో తెలుసు. ఎదురుగా ఉన్న క్షౌరశాలలో ఎంత బాగా తెలుసంటే, అక్కడ సగం గడ్డం గీయించుకున్న మనిషి మిగతా సగం నురగతోనే లేచి, మెడలో తువ్వాలుతో సహా చూడటానికి వచ్చేశాడు. ఎవరికీ అనుమానం కలగలేదు. కలగడానికి ఆస్కారమూ లేదు. ఈ నేరాన్ని కళ్లారా చూసిన సాక్షి ఉంది. ఆ సాక్షి పొరపాటున కూడా అబద్ధం చెప్పని మనిషి. ఆమె మా వియ్యపురాలు.

పహిల్వాన్ ఒక లాబ్‌స్టర్. చల్లని సముద్రం అడుగున రాళ్ల సందుల్లో బతికే జంతువు, రొయ్యకు దూరపు చుట్టం. మోచేతి పొడవు ఒళ్లు, ఆ ఒళ్లంతా గట్టి పెంకు, ముందుకు చాచిన రెండు బలమైన చేతులు. ఒక చెయ్యి లావుగా ఉంటుంది, గుల్లలు చితక్కొట్టడానికి. రెండోది సన్నం, కోయడానికి. ఆ లావుపాటి చేతిని చూసే మా వియ్యపురాలు దానికి ఆ పేరు పెట్టింది. ఆడదానికి దొరసాని అని పేరు పెట్టిందీ ఆవిడే. ఒకసారి పేరు పెట్టాక అవి జంతువులన్న సంగతి మనుషులు మరిచిపోతారు. అందుకే పెళ్లాం, మొగుడు, హత్య వంటి మాటలు అంత సులువుగా నోటికి వచ్చాయి.

ఒకప్పుడు మంచు నిల్వ చేసిన పాత కట్టడాన్ని సాగరజీవుల ప్రదర్శనశాలగా మార్చి వియ్యపురాలి కుటుంబం నడుపుతోంది. వియ్యపురాలు తలుపు దగ్గర టికెట్లు చింపుతుంది. కొడుకు, అంటే మా అల్లుడు, పంపులూ గొట్టాలూ చూసుకుంటాడు. జీవాల బాధ్యత మా అమ్మాయిది. కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి విరమించిన నేను ఉదయం పూట అక్కడికి వెళ్లి, సందర్శకుల ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు చెబుతుంటాను. తెలియనప్పుడు తెలియదంటాను. ఈ రెండో పని వియ్యపురాలికి బొత్తిగా నచ్చదు.

నేను లోపలికి అడుగు పెట్టేసరికి ఆవిడ గుమిగూడిన వాళ్లకు మూడోసారో నాలుగోసారో చెబుతోంది.

"లైటు వేశాను అన్నయ్యగారూ. వేసేసరికి వాడు గూటి ముందు కూర్చుని, దాని మొహం రెండు చేతులా పట్టుకుని కరకరా నములుతున్నాడు. అది పాపం కళ్లు తెరుచుకుని నా వంకే చూస్తోంది. దాని కాలూ చెయ్యీ కదలడం లేదు."

"నమలడం చూశారు. చంపడం చూశారా, చెల్లెమ్మగారూ?"

"కంచంలో కూర చూసి, దీన్ని వండారా లేదా అని అడుగుతారా ఎవరైనా?"

సగం గడ్డం మనిషి తలూపాడు. తూకం అటువైపే మొగ్గింది.

మా అమ్మాయి తొట్టి పక్కన పీట మీద కూర్చుని ఉంది. దొరసాని బొటనవేలంత ఉన్నప్పటి నుంచి ఆమె చేతుల మీద పెరిగింది. ఆ జంటకు గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి చూపాలని ఆమె కోరిక; ఆ చుట్టుపక్కల ఎవరూ చేయని పని. ఇంతకుముందు ఆ తొట్టిని వల అడ్డుపెట్టి రెండు గదులుగా ఉంచేవారు. వారం రోజులుగా దొరసాని ఆ వల దగ్గరే, పహిల్వాన్‌కేసి తిరిగి కూర్చుంటుంటే, స్నేహం కుదిరిందనుకుని అమ్మాయి ముందు రోజు సాయంత్రం వల తీసేసింది. వద్దని అత్తగారు చెప్పనే చెప్పింది. "వాడి వాలకం చూస్తే తెలియడం లేదా?" అంది అప్పుడు. ఇప్పుడు ఆ మాట మళ్లీ అనకుండా ఊరుకోవడం ఆవిడ గొప్పతనం. కానీ ఊరుకున్నట్టు అందరికీ తెలిసేలా ఊరుకుంది.

"సరంగుకి కబురు పెట్టాను," అంది. "వాణ్ని పట్టుకొచ్చింది ఆయనే కదా, ఆయనే మళ్లీ సముద్రంలో వదిలేస్తాడు. మధ్యాహ్నం బడిపిల్లలు వస్తున్నారు. పెళ్లాన్ని తిన్నవాణ్ని వాళ్లకి నేను చూపించలేను."

సరంగు అంటే మాకు జీవాలను తెచ్చిపెట్టే పడవ నాయకుడు. మాట తప్పని మనిషి. కబురు వెళ్లిందంటే వచ్చి తీరతాడు.

అమ్మాయి కర్రకు బిగించిన పొడవాటి పటకారు తీసుకుని, గూటి ముందు పడి ఉన్న దొరసాని అవశేషాలను పైకి తీయడానికి లేచింది. తనకు ఆ పని చేయాలని లేదని ఆమె భుజాలు చెబుతున్నాయి.

నేను ఆ క్షణంలో చూసిన మొదటి వింత దొరసానిలో కాదు, పహిల్వాన్‌లో. పటకారు నీళ్లలో మునిగితే చాలు, వాడు ఇటుకల మీద రాతి పలక పరిచిన తన గూట్లోంచి దూసుకొచ్చి దాన్ని పట్టుకుని వేలాడేవాడు. సందర్శకులకు అదొక వినోదం. ఆ రోజు రాలేదు. పటకారు తన ముందే తిరుగుతుంటే గూటి వాకిట్లో నిలబడి, రెండు చేతులూ తలుపు గడియలా అడ్డంగా పెట్టుకున్నాడు.

"కడుపు నిండింది కదా," అంది వియ్యపురాలు.

అవశేషాలను తెల్లటి పళ్లెంలో పెట్టి బల్ల మీద ఉంచారు. వీపు మీది పెంకు సగం కొరికి ఉంది. తోక మొత్తం ఉంది. ఒక చెయ్యి ముక్కలైంది. రెండోది, లావుపాటిది, చెక్కు చెదరలేదు. నేను పళ్లెం పైకెత్తి చూశాను. అది బరువు లేదు. ఉదయం చచ్చిన జంతువు శవం ఉండాల్సిన పళ్లెం ఖాళీ పళ్లెంలా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉప్పు నీటి వాసన తప్ప మరేదీ లేదు.

"అమ్మా," అన్నాను, "ఆ చెయ్యి ఒకసారి చూడు."

ఆమె దాన్ని అందుకుంది. అందుకున్న ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గోటితో తట్టింది. బోలు చప్పుడు. తలకిందులు చేసి, నా మంచినీళ్ల గ్లాసు లాక్కుని ఆ పెంకు చేతిలోకి నీళ్లు పోసింది. అంచు దాకా నిండింది. ఆమె దాన్ని లైటు కింద పట్టుకుని నిలబడింది. మేమంతా ఆ పెంకు చెయ్యి కిందివైపే చూస్తున్నాం. ఒక్క చుక్క కారలేదు.

"పగల్లేదు," అంది. "నాన్నా, ఇది ఎక్కడా పగల్లేదు. చిల్లు లేదు. మరి లోపలి కండ ఎలా తిన్నాడు?"

ప్రశ్న అడిగింది గానీ జవాబు కోసం ఆగలేదు. చెయ్యి మొదట్లో, మనకు మణికట్టు ఉండే చోట, వేలితో నొక్కింది. అరచేతి భాగం పింగాణీలా టకటకలాడుతుంటే, మణికట్టు మాత్రం తడిసిన అట్టలా లోపలికి వంగింది.

"ఇది చంపడం కాదు అత్తయ్యా. ఇది పెంకు విడవడం."

"అంటే?"

"పాము కుబుసం విడుస్తుందే, అలా. కాకపోతే పాముది చొక్కా విప్పడం. ఇది అంతకంటే చాలా కష్టం." అమ్మాయి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "పెంకు పెరగదు కదా, లోపలి ఒళ్లు పెరుగుతుంది. అందుకని పాతదాని కిందే కొత్తది మెత్తగా తయారుచేసుకుంటుంది. పాతదాంట్లోని సున్నాన్ని కొంత వెనక్కి లాక్కుని, పొట్టలో రెండు తెల్ల రాళ్లుగా దాచుకుంటుంది. మణికట్టు దగ్గర ఎక్కువ లాక్కుంటుంది, అందుకే ఇది మెత్తబడింది. తరవాత చేతుల్లోని రక్తాన్ని ఒంట్లోకి తోసేస్తుంది. చెయ్యి వాడిపోయి సన్నబడుతుంది. అప్పుడు పక్కకి ఒరిగి పడుకుని, వీపుకీ తోకకీ మధ్య సందు చేసుకుని, ఇంత లావు చేతిని ఇంత సన్నటి మణికట్టులోంచి లాగేసుకుంటుంది."

"గాజులు తీసేటప్పుడు అరచెయ్యి ముడుచుకున్నట్టా?" అన్నాడు అల్లుడు.

"అలాగే. కానీ ఎముకలు లేవు కాబట్టి దానికి నొప్పి... ఏమో, నొప్పి సంగతి నాకు తెలీదు."

మా అమ్మాయి తెలియదు అనడం విని నేను సంతోషించాను. అయితే వియ్యపురాలు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు, లొంగకూడదు కూడా. కళ్లతో చూసినదాన్ని ఒక గ్లాసు నీళ్లకు వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

"పీల్చేశాడేమో," అంది. "మనం మూలుగ బొమిక జుర్రుకోమూ?"

"వాడికి పీల్చే నోరు లేదత్తయ్యా. నమిలే దవడలే. నమిలింది కూడా అది విడిచేసిన పెంకునే, అందులోని సున్నం కోసం."

"మరి నా వంక చూసిన కళ్లో?"

అమ్మాయి కొరికిన తల భాగాన్ని వెలుతురుకు ఎత్తింది. కళ్లు ఉన్న చోట రెండు చిన్న పారదర్శకమైన టోపీలు మెరిశాయి. వాటి వెనక ఏమీ లేదు. అవతల గోడ మీది గడియారం కనబడుతోంది.

"కంటి పెంకు కూడా విడుస్తుంది," అన్నాను. "మీ వంక చూసినవి కళ్లజోడు అద్దాలు చెల్లెమ్మగారూ. పెట్టుకున్న మనిషి లేదు."

ఆవిడ దగ్గరికి వచ్చి, ఒక కన్ను మూసి ఆ టోపీలోంచి గడియారం చూసింది. ఆ తరవాత తల లోపల వేలాడుతున్న పలచటి సంచి ఒకటి ఆవిడ కంటబడింది. అందులో గోధుమ రంగు పళ్లు మూడు ఉన్నాయి.

"ఇదేంటి?"

"పొట్ట లోపలి పొర. లాబ్‌స్టర్‌కి పళ్లు పొట్టలో ఉంటాయి. పెంకుతో పాటు అవీ మారతాయి."

"పొట్టలో పళ్లా?" సగం గడ్డం మనిషికి నోరు తెరుచుకుంది. "మా ఆవిడ వంటకి అవే కావాలండీ."

అందరూ నవ్వారు. హాల్లో గాలి మారిందని నాకు తోచింది. సరిగ్గా అప్పుడే వియ్యపురాలు అసలైన ప్రశ్న వేసింది.

"అమ్మాయ్, నువ్వే కదా చెప్పావు? తోక కింద రెక్క కొస కత్తిరించి భూతద్దంలో చూసి, ఇంకా చాలా టైముంది, చలికాలం దాటాకే పెంకు విడుస్తుంది అన్నావు. నీ భూతద్దం అబద్ధమా, నా కళ్లు అబద్ధమా?"

అమ్మాయి ముఖం వాడిపోయింది. అది నిజం. పెంకు విడిచే కాలం దగ్గరపడితే, తోక కింది చిన్న రెక్కల అంచున వెంట్రుకల మొదళ్లు పాత పెంకు నుంచి లోపలికి జరగడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. ఆమె చూసిన రోజున ఆ జరుగుబాటు లేదు. చల్లటి నీళ్లలో అక్కడి నుంచి నెలలు పడుతుంది. ఆమె తప్పు చూడలేదు. మేమెవ్వరం ఆమెను తప్పు పట్టలేం. ఒక్క మనిషి తప్ప అందరూ ఆలోచనలో పడ్డారు. ఆ ఒక్క మనిషి మా అల్లుడు. అతను నీళ్లు నములుతున్నాడు.

"ఒరేయ్," అంది తల్లి. "ఏంటది?"

"ఏం లేదమ్మా."

"నువ్వు చెవి గోక్కుంటే ఏదో ఉన్నట్టే. చెప్పు."

"అద్దానికి చెమట పడుతోందని నువ్వే కదా రోజుకి పదిసార్లు తుడవమన్నావు? లోపల నీళ్లు చల్లన, బయట వెచ్చన. ఎంత తుడిచినా మళ్లీ పట్టేది. లోపల ఏముందో ఎవరికీ కనపడటం లేదని జనం గొణుక్కునేవాళ్లు. అందుకని..."

"అందుకని?" అంది మా అమ్మాయి.

"చల్లబరిచే యంత్రం నుంచి ఈ తొట్టికి వచ్చే వాల్వు సగం మూశాను. యంత్రం మీది అంకె మారదు. ఈ ఒక్క తొట్టిలో నీళ్లు కాస్త వెచ్చబడతాయి. చెమట ఆగిపోయింది."

"ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది. నువ్వు భూతద్దంలో చూసిన కొద్ది రోజులకే."

ఆమె అరచెయ్యి తొట్టి అద్దానికి ఆనించింది. పొడిగా ఉంది. పక్క తొట్టి అద్దం మీద నీటి బొట్లు జారుతున్నాయి. నెల పైగా ఆ పొడి అద్దం మా అందరి కళ్ల ముందే ఉంది. బాగా కనబడుతోందని ఆనందించామే గానీ, ఎందుకు కనబడుతోందని ఒక్కరం అడగలేదు. అడగడమే పనిగా పెట్టుకున్న నేను కూడా.

మొగుణ్ని తిడుతుందనుకున్నాను. రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "ముందే చెప్పొచ్చు కదండీ. వెచ్చటి నీళ్లలో అన్నీ తొందరగా జరుగుతాయి. కంటి కాడల్లో ఒక గ్రంథి ఇప్పుడే వద్దు, ఇప్పుడే వద్దు అని పెంకు విడవడాన్ని ఆపుతుంటుంది. అది చేతులెత్తేసిందంటే ఇక ఆగదు. దొరసాని వల దగ్గర కూర్చుంది స్నేహానికి కాదు. పెంకు విడిచే టైము వచ్చి, మగవాడి గూడు వెతుక్కుంటోంది."

"మగవాడి గూడెందుకు?" అంది అత్తగారు.

"అప్పుడే కదా అవి కలిసేది. పెంకు విడిచాక ఒళ్లంతా జావలా ఉంటుంది. చిన్న చేప కూడా కొరికేయొచ్చు. అందుకని ముందే వాడి గుమ్మంలోకి వెళ్లి, వాడి మొహం మీద మూత్రం చిమ్ముతుంది. ఆ వాసనకి వాడి కోపం చల్లారుతుంది. లోపలికి రానిస్తాడు. అది గట్టిపడేదాకా కొన్నాళ్లు కాపలా కాస్తాడు."

"మూత్రమా?" అంది వియ్యపురాలు. "మొహం మీదా?"

"దానికి మూత్రం వచ్చేది కూడా మొహం నుంచేనత్తయ్యా."

వియ్యపురాలు నా వంక చూసింది. "ఏం పెంపకం అన్నయ్యగారూ మీది," అంది, కానీ ఆవిడ పెదవి కొస వణుకుతోంది. నవ్వు ఆపుకుంటోంది.

"అయితే అది ఇప్పుడు వాడి వెనక, గూట్లో ఉందంటావు."

"ఉంది."

ఇక్కడ నేను ఊరుకోవలసింది. కన్నకూతురి ముఖం అంత వెలిగిపోతుంటే ఏ తండ్రైనా ఊరుకుంటాడు. కానీ ఒక వాదంలో సందు కనబడితే, అది మన వాళ్ల వాదమైనా చెప్పాలి.

"ఉండవచ్చు," అన్నాను. "ఈ పెంకు చెప్పేది ఒకటే: దొరసాని దీన్ని విడిచింది. విడిచాక బతికిందని ఇది చెప్పదు. జావలాంటి ఒంటిని వాడు తినదలుచుకుంటే పెంకు ముక్క కూడా మిగలదు."

అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చాలాకాలం మరిచిపోలేను. ఆపైన మెల్లగా తలూపింది. "అవును నాన్నా. నిజమే."

గూటి వెనక, పలకకూ ఇటుకకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. అల్లుడు టార్చి తెచ్చి అందులోకి వెలుగు వేశాడు. నీడ తప్ప ఏమీ కనిపించలేదు. ముందువైపు వాకిలి నిండా పహిల్వాన్ చేతులే.

అంతలో సరంగు వచ్చాడు. చెక్క పెట్టె కింద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. "ఎక్కడమ్మగారూ మన హంతకుడు? పడవ కట్టేసి వచ్చాను, తొందరగా కానిద్దాం."

పహిల్వాన్‌ను బయటికి తీయాలంటే దారి ఒకటే: గూటి మీది రాతి పలక ఎత్తడం. పలక ఎత్తితే పక్కనున్న ఇటుకలు లోపలికి ఒరుగుతాయి. ఇదివరకు ఒకసారి ఒరిగాయి కూడా. అప్పుడు లోపల గట్టి పెంకు ఉన్న జంతువు ఉంది కాబట్టి దులుపుకుని లేచింది. ఇప్పుడు అక్కడ దొరసాని ఉంటే, ఒక్క ఇటుక చాలు. ఈ మాట అమ్మాయి చెబుతూనే ఉంది, సరంగు చెయ్యి నీళ్లలోకి వెళ్లింది, వేళ్లు పలక అంచు మీద పడ్డాయి.

అమ్మాయి పీట ఎక్కి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, పలకను పై నుంచి అదిమిపట్టింది.

"తల్లీ, చెయ్యి తియ్యి," అన్నాడు సరంగు. "వాడు నొక్కితే వేలు పోద్ది."

ఆయన అన్నంత పనీ అయ్యేదే. పహిల్వాన్ వాకిట్లోంచి సగం బయటికి వచ్చి, లావుపాటి చేత్తో ఆమె చొక్కా చేతిని పట్టుకున్నాడు. గుడ్డే పట్టుకున్నాడు గానీ, ఒక అంగుళం అటు అయితే మణికట్టు. ఆమె కదల్లేదు. మా అల్లుడు ఆమె నడుము పట్టుకున్నాడు.

"తియ్యవే చెయ్యి," అంది వియ్యపురాలు. కోడల్ని 'వే' పెట్టి కేకేయడం నేను అదే మొదటిసారి వినడం. "పీత లాంటి జంతువు కోసం చెయ్యి పోగొట్టుకుంటావా?"

"ఆయన్ని తియ్యమనండి. నేనూ తీస్తాను."

తొట్టిలో నీళ్లు కలతబడి మసకగా తిరుగుతున్నాయి. వియ్యపురాలు కోడలి చేతులు చూసింది, ఆ చొక్కాను పట్టుకున్న పెంకు చేతిని చూసింది.

"సరంగూ, ఆగు," అంది. సరంగు చెయ్యి తీశాడు. పహిల్వాన్ గుడ్డ వదిలి, వెనక్కి వెళ్లి మళ్లీ వాకిలి మూసుకున్నాడు. గూడు వదిలి రెండు అడుగులైనా ముందుకు రాలేదు.

"ఆగమన్నాను గానీ నమ్మానని కాదు," అంది ఆవిడ. "అన్నయ్యగారు ఇందాక అన్నది సబబుగా ఉంది. దొరసాని బతికి ఉంటే నా కళ్లకి కనపడాలి. పిల్లలు వచ్చేలోపల. పలక ఎత్తకుండా. ఇందాక కళ్లజోడు చూసి మోసపోయాను, ఈసారి కదిలేది చూస్తాను. లేదంటే సరంగే ఎత్తుతాడు, నువ్వు అడ్డం రాకూడదు. సరేనా?"

అమ్మాయి చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"సరే," అంది.

ఆ తరవాత ఆమె చేసిన పనులు చూస్తే, ఆ పీట మీద ఉదయం ముడుచుకుని కూర్చున్న మనిషి ఈమేనా అనిపిస్తుంది. పంపు ఆపించింది, తొట్టిలో ప్రవాహం నిలిచిపోయేలా. తొట్టి పైదీపం ఆర్పించి హాలు లైటు మాత్రం ఉంచింది, ఎందుకంటే ఎక్కువ వెలుతురులో దొరసాని సందు దగ్గరికి రాదు. ఆల్చిప్ప ఒకటి పగలగొట్టి, మాంసాన్ని చిన్న గిన్నెలో నలిపి, ఆ రసాన్ని కొసన రబ్బరు బుడ్డి ఉన్న సన్నటి గొట్టంలోకి పీల్చింది. లాబ్‌స్టర్ లోకాన్ని కళ్లతో కంటే వాసనతో ఎక్కువ చూస్తుంది. పెంకు విడిచినది కొన్నాళ్లు ఏమీ తినకపోవచ్చు. అయినా వాసన వస్తే అదేమిటో తెలుసుకోకుండా ఉండలేదు. ఉండలేదని ఆమె నమ్మకం. పందెం మొత్తం దాని మీదే.

అల్లుడు గొట్టాన్ని వెనక సందు దాకా దించాడు. పక్క అద్దం దగ్గర నిలబడితే గూటి వాకిలీ, వెనక సందూ రెండూ ఒకేసారి కనబడతాయి. వియ్యపురాలిని అమ్మాయి అక్కడ నిలబెట్టింది. సరంగు ఆవిడ వెనక. సగం గడ్డం మనిషి నురగ ఎండిపోయి తెల్లటి పొలుసులై రాలుతున్నా పట్టించుకోకుండా సరంగు వెనక.

రసం పొగలా సందులోకి పాకింది.

ఏమీ జరగలేదు.

వాకిట్లో పహిల్వాన్ కదిలాడు. ఎర్రటి పొడవాటి మీసాలు రెండు గూటి బయటికి వచ్చి, నీళ్లలో అటూ ఇటూ తడిమాయి. ఆల్చిప్ప అంటే ప్రాణం పెట్టేవాడు. అయినా వాకిలి వదల్లేదు.

"వాడు పసిగట్టాడు," అన్నాడు సరంగు, గొంతు తగ్గించి. "మరి అది ఏదీ?"

వీధిలో బస్సు ఆగిన చప్పుడు. పిల్లల గోల. వియ్యపురాలు తలుపు వైపు చూడబోయింది.

"అటు కాదత్తయ్యా," అంది అమ్మాయి. "ఇటు చూడండి."

అల్లుడు రెండోసారి గొట్టం నొక్కాడు. ఈసారి రసం ఎక్కువే పడింది. వెనక సందు చీకట్లో ఏదో మెరిసింది. నాకు దారప్పోగులా అనిపించింది, నా కళ్ల మీద నాకు నమ్మకం లేక ఎవరితోనూ అనలేదు. అది మళ్లీ మెరిసింది. సన్నగా, కొత్త రాగి తీగ రంగులో, ఇంకా నిటారుగా నిలబడే బలం లేక కొస వాలిపోతూ బయటికి వచ్చింది. వచ్చి, నీళ్లను ఒకసారి తాకి, ఆగి, మళ్లీ తాకింది.

మా అమ్మాయి భర్త చొక్కా వీపు పిడికిట్లో పట్టుకుని ఉంది. వియ్యపురాలు ముక్కు అద్దానికి ఆనించి, వేలెత్తి, నమ్మకం లేని దుకాణంలో సరుకు లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టసాగింది.

"ముందు రెండు," అంది. "వెనక ఒకటి." వేలు గాలిలో ఆగింది. "వెనక ఇంకోటి."

సరంగు మడిచిన చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

లాబ్‌స్టర్‌కు పొడవాటి మీసాలు రెండే ఉంటాయి. ఆ గూటి నుంచి నాలుగు బయటికి వచ్చాయి.